సర్కారు వద్దన్న సారు

కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకున్న గోదావరి ఏటూరునాగారం, భద్రాచలం దాటుకుని కిందికి పోయి పోయి రాజమహేంద్రవరం చేరుతుంది. ఆ ఒడ్డున 1894లో మొదలైన ప్రభుత్వ ఉపాధ్యాయ శిక్షణ కళాశాల ఒకటుంది. ఇప్పటికీ నడుస్తోంది. డిగ్రీ చదివినవాళ్లను హైస్కూలు సార్లుగా తయారుచేయడం దాని పని. 1907లో ఆ కాలేజీ ఒక విద్యార్థిని బయటికి పంపేసింది. అంతటితో ఆగలేదు, ఇతనికి సర్కారు కొలువు ఎక్కడా ఇవ్వకూడదని ప్రభుత్వం కూడా తేల్చేసింది. ఆ విద్యార్థి పేరు గాడిచర్ల హరిసర్వోత్తమరావు.

మీలో బీఈడీ చదువుతున్నవాళ్లు, టెట్ గట్టెక్కి డీఎస్సీ నోటిఫికేషన్ కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తున్నవాళ్లు చాలామందే ఉంటారు. జనగామలోనో మహబూబాబాద్‌లోనో లైబ్రరీ హాల్లో కుర్చీ దొరకడం లేదని పొద్దున్నే వెళ్లి నోట్‌బుక్ పెట్టి సీటు ఆపుకునేవాళ్లు కూడా. అందుకే ఈయన గురించి మీకే చెప్పాలి. పోటీ పరీక్షల పుస్తకాల్లో ఈయన పేరు ఒక బిట్‌గా కనిపిస్తుంది. తొలి తెలుగు రాజకీయ ఖైదీ ఎవరు అని ప్రశ్న, నాలుగు ఆప్షన్లు. జవాబు టిక్ పెట్టి ముందుకు పోతాం. ఆ బిట్ వెనక ఒక ఉపాధ్యాయుడు ఉన్నాడన్న సంగతి మాత్రం ఏ గైడ్‌లోనూ ఉండదు.

స్కాలర్‌షిప్‌ల మీద ఎమ్మే

హరిసర్వోత్తమరావు 1883 సెప్టెంబరు 14న కర్నూలులో పుట్టారు. పూర్వీకులది కడప జిల్లా సింహాద్రిపురం. కలిగిన ఇల్లు కాదు. కర్నూలు, గుత్తి, నంద్యాల... ఇలా ఊళ్లు మారుతూ, ఉపకార వేతనాల మీద ఆధారపడుతూ చదువు సాగింది. తర్వాత మద్రాసు వెళ్లి 1906 నాటికి ఎమ్మే పూర్తిచేశారు.

1906లో ఎమ్మే అంటే ఏమిటో ఒకసారి ఊహించుకోండి. అప్పటికి ఉస్మానియా యూనివర్సిటీ లేదు, అది 1918లో వచ్చింది. ఆంధ్రా యూనివర్సిటీ ఇంకా తర్వాత, 1926లో. తెలుగువాళ్లు పట్టా కావాలంటే మద్రాసు విశ్వవిద్యాలయమే దిక్కు. జనగామ, మానుకోట ప్రాంతాలు అప్పుడు నిజాం రాజ్యంలో ఉండేవి కదా, ఆ రాజ్యపు రాజధానిలోని నిజాం కాలేజీకి కూడా అనుబంధం మద్రాసుతోనే. 1901 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద చదవడం రాయడం వచ్చినవాళ్లు నూటికి ఐదారుగురే. అలాంటి రోజుల్లో పేదింటి నుంచి వచ్చి ఎమ్మే దాకా వెళ్లిన తెలుగు కుర్రాడికి తలుపులు వాటంతటవే తెరుచుకునేవి. రెవెన్యూలోనో, కోర్టులోనో, విద్యాశాఖలోనో, ఎక్కడో ఒకచోట కుర్చీ ఖాయం.

ఆయన ఎంచుకున్నది బడి. ఎల్.టి. చదవడానికి రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీలో చేరారు.

ఈ ఎల్.టి. అన్న రెండక్షరాలు మీ తాతల కాలపు హెడ్మాస్టర్ల పేర్ల పక్కన చూసి ఉంటారు. బి.ఎ., ఎల్.టి. అని. లైసెన్షియేట్ ఇన్ టీచింగ్ అన్నమాట. మద్రాసు విశ్వవిద్యాలయం ఇచ్చే ఉపాధ్యాయ అర్హత. తర్వాత అదే బి.టి. అయింది, ఆ పైన మీరు చదువుతున్న బీఈడీ అయింది. డిగ్రీ అయ్యాక చేరాలి. మనస్తత్వశాస్త్రం, బోధనా పద్ధతులు, బడి నిర్వహణ చదవాలి. పక్కనున్న బడిలో నిజం పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పి చూపించాలి. రాత పరీక్ష వేరు, పాఠం చెప్పే పరీక్ష వేరు. లెసన్ ప్లాన్లు రాసి రాసి మీ వేళ్లు నొప్పి పుడుతున్నాయంటే, ఆ సంప్రదాయం వయసు నూరేళ్లకు పైమాటే.

సర్వేపల్లి రాధాకృష్ణన్ కూడా ఈ ఎల్.టి. మనిషే. ఎమ్మే అయ్యాక, 1910లో మద్రాసు శివార్లలోని సైదాపేట ట్రైనింగ్ కాలేజీకి వెళ్లారు. అక్కడ మనస్తత్వశాస్త్రంలో చేసిన కృషి 1912లో చిన్న పుస్తకంగా కూడా వచ్చింది. అక్కడి నుంచి ఆయన దారి ప్రెసిడెన్సీ కాలేజీ, మైసూరు, కలకత్తా, ఆక్స్‌ఫర్డ్, చివరికి రాష్ట్రపతి భవన్. ఆయన పుట్టినరోజున మనం గురుపూజోత్సవం చేసుకుంటాం. అదే కోర్సు, దాదాపు అవే సంవత్సరాలు, అదే ఎమ్మే. హరిసర్వోత్తమరావు దారి మాత్రం రాజమండ్రిలోనే అడ్డం తిరిగింది.

ఒక బ్యాడ్జీ ధర

1905లో బెంగాల్‌ను రెండు ముక్కలు చేశాక మొదలైన వందేమాతరం ఉద్యమం నెమ్మదిగా మన వైపు వచ్చింది. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ తెలుగు ప్రాంతాల్లో తిరిగారు. విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రి, బెజవాడ, బందరు. వెంట ఉండి నడిపించినవారు ముట్నూరి కృష్ణారావు. రాజమండ్రిలో పాల్ వరసగా కొన్ని రోజులు మాట్లాడారు. ఆయన ఇంగ్లిష్‌లో చెప్తుంటే చిలకమర్తి లక్ష్మీనరసింహం తెలుగు చేసి జనానికి అందించారు. మన దేశాన్ని పాడి ఆవుతో పోల్చిన చిలకమర్తివారి పద్యం మీరు స్కూల్లో చదివే ఉంటారు, అది ఆ సభల్లో పుట్టిందే.

ఆ సభల వేడి తరగతి గదిలోకి వచ్చేసింది. విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు గుండెకు తగిలించుకుని కాలేజీకి వెళ్లారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ అది సహించలేదు. విద్యార్థుల మీద చర్యలు మొదలయ్యాయి. వాళ్లకు నాయకుడిగా కనిపించిన హరిసర్వోత్తమరావును కాలేజీ నుంచి తీసేశారు. సర్కారు ఉద్యోగానికి పనికిరాడని ముద్ర వేశారు.

ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి. అప్పటికి ఆయన వయసు 23. ఇప్పటి లెక్కలో బీఈడీ రెండో ఏడాదిలో ఉన్న కుర్రాడి వయసు. ఇంట్లోవాళ్లు ఎన్ని ఆశలు పెట్టుకుని ఉంటారో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ బ్యాడ్జీ తీసి జేబులో పెట్టుకుంటే ఎల్.టి. పూర్తయ్యేది. ఏదో ఒక పట్నం హైస్కూల్లో అసిస్టెంటుగా చేరి, నాలుగేళ్లకో ఐదేళ్లకో హెడ్మాస్టరై, చివరికి స్కూళ్ల ఇన్‌స్పెక్టర్ దాకా వెళ్లేవారేమో. తీయలేదు.

ఆయన చేసింది తెలివైన పనా కాదా అని మీరు వాదించుకోవచ్చు. చదువు పూర్తిచేసి, బడిలో చేరి, లోపలి నుంచి పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్తే ఎక్కువ మేలు జరిగేది కాదా అని అడిగేవాళ్లు అప్పుడూ ఉండే ఉంటారు. అది చెత్త వాదనేమీ కాదు. అలా లోపలే ఉండి గొప్ప పనులు చేసిన ఉపాధ్యాయులు తెలుగునాట ఎందరో. గిడుగు రామమూర్తి పర్లాకిమిడి బడిలో పాఠాలు చెప్పుకుంటూనే సవరల భాష నేర్చుకుని, వాళ్లకు పుస్తకాలు రాశారు, వాడుక భాషా ఉద్యమం నడిపారు. కందుకూరి వీరేశలింగం కూడా అదే రాజమండ్రిలో సర్కారు కాలేజీ పండితుడిగా ఉంటూనే సంఘాన్ని కదిలించారు. కాబట్టి ఉద్యోగం వదులుకుంటేనే గొప్ప అన్న లెక్క ఎక్కడా లేదు. కాకపోతే హరిసర్వోత్తమరావు విషయంలో ఆ తలుపు మూసింది అవతలివాళ్లు. మూసిన తలుపు ముందు ఆయన ఎన్నాళ్లు కూర్చున్నారన్నదే చూడాల్సింది. పెద్దగా కూర్చోలేదు.

మొదటి పుస్తకం

అదే 1907లో ఆయన రాసిన ఒక పుస్తకం బయటికి వచ్చింది. అబ్రహాం లింకన్ జీవిత చరిత్ర. అచ్చువేసింది విజ్ఞాన చంద్రికా మండలి. ఈ మండలి పుట్టింది 1906లో, మన హైదరాబాద్‌లోనే. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు, రావిచెట్టు రంగారావు లాంటివాళ్లు కలిసి పెట్టారు. కథలు, కావ్యాలు కాకుండా చరిత్ర, సైన్సు, గొప్పవాళ్ల జీవితాలు తెలుగులో అందరికీ అర్థమయ్యేలా అందించాలన్నది వాళ్ల పట్టుదల. ఆ గ్రంథమాలలో మొదటి పూస ఈ లింకన్ పుస్తకమే.

కర్రల గుడిసెలో పుట్టి, బడికి వెళ్లే వీలు లేక, అరువు పుస్తకాలతో తనంతట తాను చదువుకున్న మనిషి లింకన్. స్కాలర్‌షిప్‌ల మీద చదువుకున్న కర్నూలు కుర్రాడు ఆయన్నే ఎంచుకోవడంలో ఆశ్చర్యం లేదు. పాఠం చెప్పడానికి గది ఒక్కటే దారి కాదని ఆయనకు ఈ పుస్తకంతోనే తెలిసొచ్చిందని నాకనిపిస్తుంది. ఎక్కడో మారుమూల ఊళ్లో కూర్చున్న పాఠకుడికి, ఎన్నడూ చూడని అమెరికాను తెలుగులో అర్థమయ్యేలా చెప్పాలి. తెలిసినదాని మీదుగా తెలియనిదానికి తీసుకెళ్లాలి. మీ పెడగాజీ పుస్తకంలో మొదటి పాఠం ఇదే కదా.

వెల్లూరు

1908లో బెజవాడ నుంచి స్వరాజ్య అనే వారపత్రిక మొదలుపెట్టారు. ఆ ఏడాది మార్చిలో తమిళనాట వి.ఒ. చిదంబరం పిళ్లైని, సుబ్రమణ్య శివను అరెస్టు చేశారు. తిరునల్వేలి భగ్గుమంది. పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు చనిపోయారు. దాని మీద స్వరాజ్యలో విపరీత బుద్ధి అన్న శీర్షికతో సంపాదకీయం వచ్చింది. ప్రభుత్వం రాజద్రోహం కేసు పెట్టింది. అదే ఏడాది బొంబాయిలో తిలక్‌కు ఆరేళ్ల శిక్ష పడింది కూడా ఇదే రకం కేసులో. ఇక్కడ హరిసర్వోత్తమరావుకు మూడేళ్ల కఠిన కారాగారం పడింది.

వెల్లూరు జైల్లో ఆయన్ని రాజకీయ ఖైదీగా చూడలేదు. దొంగల మధ్య, హంతకుల మధ్య పడేశారు. సంకెళ్లు వేశారు. మట్టి చిప్పలో తిండి. ఎమ్మే చదివి, పిల్లలకు చరిత్ర పాఠాలు చెప్పాల్సిన మనిషి మూడేళ్లు అలా గడిపారు. దీని గురించి ఎక్కువ రాయబుద్ధి కావడం లేదు, కష్టాన్ని కథలా చెప్పుకుంటే దాని బరువు తగ్గిపోతుంది.

1911లో బయటికి వచ్చాక ఇంకో శిక్ష మొదలైంది. ఆయన్ని పలకరించాలంటే జనానికి భయం. అద్దెకు ఇల్లివ్వాలంటే భయం. పోలీసు కళ్లు ఎప్పుడూ వెంటే. ఉద్యోగం సంగతి సరేసరి, సర్కారుది రాదు, సర్కారు గ్రాంటు మీద బతికే ప్రైవేటు బడి కూడా ధైర్యం చేయదు. డీఎస్సీ రెండేళ్లు ఆలస్యమైతేనే మనకు ప్రపంచం ఆగిపోయినట్టుంటుంది. తప్పేం లేదు, వయోపరిమితి గడియారం తిరుగుతూనే ఉంటుంది కదా. ఆయనకు గడియారమే లేదు, ఎప్పటికీ రాదని ముందే తెలుసు.

ఆ రోజుల్లో చేయి అందించినవారు కొమర్రాజు లక్ష్మణరావు. విజ్ఞాన చంద్రికా మండలి పనిలో, ఆ తర్వాత లక్ష్మణరావు తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం పనిలో ఆయనకు చోటు దొరికింది. తెలుగులో ఎన్‌సైక్లోపీడియా అన్నమాట. ఒక్కో అంశానికి తెలుగులో మాట వెతకాలి, లేకపోతే కొత్తగా కట్టాలి. గూగుల్ లేదు, ట్రాన్స్‌లేట్ బటన్ లేదు.

ఇక్కడి నుంచి ఆయన జీవితం వేగంగా పరిగెత్తుతుంది, నేనూ కొంచెం వేగంగానే చెప్తాను. కాశీనాథుని నాగేశ్వరరావు ఆంధ్రపత్రికను 1914లో మద్రాసులో దినపత్రికగా మార్చాక దాని సంపాదక బాధ్యతలు చూశారు. 1916లో హోంరూల్ ఉద్యమం వస్తే అందులో పనిచేశారు. ఇంగ్లిష్‌లో, తెలుగులో పత్రికలు నడిపారు. భార్య రమాబాయి సంపాదకురాలిగా ఆడవాళ్ల కోసం సౌందర్యవల్లి అనే పత్రిక వచ్చింది. 1920ల చివర్లో మద్రాసు శాసనమండలికి కూడా ఎన్నికయ్యారు. సర్కారు కొలువుకు పనికిరాడని రాసిన మనిషి, అదే సర్కారు మంత్రులను సభలో నిలదీసే కుర్చీలో కూర్చున్నారన్నమాట. ఈ మలుపు చూసి నవ్వొస్తుంది గానీ, నా దృష్టిలో ఆయన అసలు పని ఇది కాదు.

ట్రైనింగ్ కాలేజీలో చెప్పని పాఠం

అసలు పని పెద్దవాళ్ల చదువు.

బడి వయసు దాటిపోయినవాళ్ల సంగతేంటి? రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీ గానీ, సైదాపేట గానీ ఆ ప్రశ్న అడగలేదు. అవి పట్నం హైస్కూళ్లకు సార్లను తయారుచేసే చోట్లు. పట్నాల్లో హైస్కూలుకు వచ్చేది ఎవరి పిల్లలు? ఫీజు కట్టగలిగినవాళ్ల పిల్లలు. పొలంలో, మగ్గం మీద, గనిలో, ఇంట్లో ఉన్నవాళ్ల దాకా ఎల్.టి. సారు ఎప్పుడూ రాడు. హరిసర్వోత్తమరావు తన మిగతా జీవితంలో ఎక్కువ భాగం ఆ మిగిలిపోయినవాళ్లకే పెట్టారు. ఆంధ్రదేశంలో వయోజన విద్యకు ఆద్యుడని ఆయన్ని చెప్పుకునేది అందుకే.

పెద్దవాళ్లకు చదువు చెప్పడం పిల్లలకు చెప్పినట్టు కాదు. మీ ఊళ్లో ఎప్పుడైనా రాత్రి బడి చూసి ఉంటే మీకు తెలిసే ఉంటుంది. పొద్దంతా పని చేసి వచ్చిన మనిషికి అలసట ఉంటుంది. నలభై ఏళ్ల మనిషికి అ అంటే అమ్మ అని మొదలుపెడితే చిన్నతనంగా ఉంటుంది. తనకు పత్తి ధర తెలుసు, వడ్డీ లెక్క నోటితో వేయగలడు, మనుషుల్ని అంచనా వేయగలడు. అక్షరం ఒక్కటే రాదు. అతని పుస్తకంలో అతని బతుకు ఉండాలి. సంతకం, రసీదు, పట్టా కాగితం, ఉత్తరం, ఆరోగ్యం. భాష నోట్లో ఆడే భాష అయ్యుండాలి. పైగా నేర్చుకున్నది రెండు నెలలు వాడకపోతే మర్చిపోతాడు. అందుకని చదవడం వచ్చాక చదువుకోవడానికి ఏదైనా చేతికి అందుబాటులో ఉండాలి. అంటే ఊళ్లో గ్రంథాలయం ఉండాలి.

ఈ చివరి సంగతే గట్టిది. అక్షరాస్యత ఒక చోట, గ్రంథాలయం ఇంకో చోట అన్నట్టు ఆయన చూడలేదు. రెండూ ఒకే పని. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది, దాని వెనక ప్రధానంగా ఉన్నవారు అయ్యంకి వెంకటరమణయ్య. హరిసర్వోత్తమరావు 1930లలో ఆ సంఘానికి అధ్యక్షులయ్యారు, దశాబ్దాలపాటు దాన్ని మోశారు. సంఘం పత్రిక గ్రంథాలయ సర్వస్వం పనీ చూశారు. ఆ కాలంలోనే, 1935లో, పాతూరి నాగభూషణం చొరవతో కృష్ణా కాలువ మీద పడవ గ్రంథాలయం కూడా తిరిగింది. పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య పడవ ఆగిన రేవుల్లో జనం పుస్తకాలు తీసుకునేవారు, ఇచ్చేవారు. ఇప్పటి మొబైల్ లైబ్రరీ వ్యాన్‌కు అది ముత్తాత.

మన వైపు కూడా ఈ కథ సమాంతరంగా నడిచింది. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వచ్చాయి. కొమర్రాజు, రావిచెట్టు రంగారావు లాంటి ఆ విజ్ఞాన చంద్రికవాళ్లే మొదటిదాని వెనకా ఉన్నారు. ఇక్కడ చదువు ఉర్దూలో, సభ పెట్టుకోవాలంటే గస్తీ నిషాన్ 53 కింద అనుమతి. అందుకే తెలుగు పుస్తకాలున్న ఒక గది, నాలుగు పత్రికలు, ఒక దీపం... అదే బడి, అదే సభ. అక్కడి నుంచి వచ్చినవాళ్లే తర్వాత ఇక్కడి ఉద్యమాలు నడిపారు. కృష్ణకు ఆ ఒడ్డున హరిసర్వోత్తమరావు చేసిందీ, ఈ ఒడ్డున మనవాళ్లు చేసిందీ వేర్వేరు ప్రభుత్వాల కింద సాగిన ఒకే పని.

ఇంకో విషయం మీరు గమనించాలి. ఆయన ఇదంతా ఒంటరిగా చేయలేరు కదా. రాత్రి బడి చెప్పేవాళ్లు కావాలి, గ్రంథాలయం నడిపేవాళ్లు కావాలి. వాళ్లకు జీతం ఉండదు, ఉన్నా నామమాత్రం. వాళ్లకు నేర్పేదెవరు? గ్రంథాలయ సంఘం గ్రంథపాలకులకు శిక్షణ తరగతులు పెట్టింది. పుస్తకాన్ని ఎలా నమోదు చేయాలి, ఎలా వర్గీకరించాలి, చదువురానివాడు గుమ్మంలోకి వస్తే ఏం చేయాలి, పత్రిక చదివి వినిపించడం ఎలా... ట్రైనింగ్ పూర్తి కాకుండానే బయటికి వచ్చేసిన మనిషి అధ్యక్షుడిగా ఉన్న సంఘం, వేరేవాళ్లకు ట్రైనింగ్ ఇస్తూ వచ్చిందన్నమాట.

లెక్క ఎక్కడ తేలింది

1948లో మద్రాసు రాష్ట్రంలో పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. దేశంలో ఇలాంటి చట్టాల్లో ఇది మొదటి వరసలోది. దాని వెనక ఎస్.ఆర్. రంగనాథన్ పేరు మీకు తెలిసే ఉంటుంది, లైబ్రరీ సైన్స్ చదివేవాళ్లకు ఆయన దేవుడు. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలు చేసి, ఆ డబ్బుతోనే గ్రంథాలయాలు నడపాలన్నది ఆ చట్టం కీలకం. దాతల దయ మీద నడిచే గ్రంథాలయానికి, జనం హక్కుగా నడిచే గ్రంథాలయానికి తేడా అదే. ఆంధ్రాలో దానికి ముందు ముప్పై ఏళ్లుగా నేల దున్నినవాళ్లలో హరిసర్వోత్తమరావు ఒకరు.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఆంధ్రాకు ఒక గ్రంథాలయ చట్టం, తెలంగాణకు ఇంకోటి ఉండిపోయాయి. రెండింటినీ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టం చేశారు. మీరు కూర్చుని చదువుకుంటున్న జిల్లా గ్రంథాలయ సంస్థ దాని కింద వచ్చిన వ్యవస్థే. ఆ 1960లోనే, ఫిబ్రవరి 29న ఆయన కన్నుమూశారు. అప్పటికి వయసు 76. నాలుగేళ్లకోసారి వచ్చే తేదీ కావడం వల్ల వర్ధంతి కూడా ఎవరికీ సరిగ్గా గుర్తుండదు.

ఇప్పుడు మీ సంగతికి వద్దాం. ఇది కెరీర్ పేజీ కదా, కథ చెప్పి వదిలేస్తే మీరే ఊరుకోరు.

బీఈడీ 2015 నుంచి రెండేళ్లయింది. జాతీయ విద్యా విధానం 2020 నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు వైపు నడిపిస్తోంది. కోర్సులో స్కూల్ ఇంటర్న్‌షిప్‌కు ఎక్కువ రోజులు కేటాయించారు. దాన్ని సంతకాల కోసం, రికార్డుల కోసం గడిపేయకండి. 2024 డీఎస్సీలో 11,062 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది, రాసినవాళ్లు దానికి ఎన్నో రెట్లు. అందరికీ రాదు. ఇది నిష్ఠురంగా అనిపించినా మీకు తెలిసిన లెక్కే. రానివాళ్లు ఏం చేస్తున్నారు? కొందరు ప్రైవేటు బడుల్లో చాలీచాలని జీతానికి చేస్తున్నారు, కొందరు బీఈడీ పక్కన పెట్టి గ్రూప్స్ వైపు మళ్లారు, కొందరు మళ్లీ డీఎస్సీకే చదువుతున్నారు.

హరిసర్వోత్తమరావు నడిచిన దారిలో ఇప్పుడు కొన్ని నిజమైన తలుపులు ఉన్నాయి. లైబ్రరీ సైన్స్‌లో డిగ్రీ, పీజీ చేస్తే కాలేజీల్లో, గురుకులాల్లో, పౌర గ్రంథాలయాల్లో లైబ్రేరియన్ పోస్టులకు అర్హత వస్తుంది. బీఈడీ ఉన్నవాళ్లు దూరవిద్యలో కూడా ఇది చేయొచ్చు. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి. ఓపెన్ స్కూల్ విధానంలో పది, ఇంటర్ మళ్లీ రాసే పెద్దవాళ్లకు పాఠాలు చెప్పేవాళ్ల అవసరం ప్రతి మండలంలో ఉంటుంది. కేంద్రం 2022 నుంచి నడుపుతున్న ఉల్లాస్ కార్యక్రమం కింద పదిహేనేళ్లు దాటిన నిరక్షరాస్యులకు స్వచ్ఛందంగా చదువు చెప్పొచ్చు. జీతం రాదు, ముందే చెప్తున్నాను. కానీ ముప్పై మంది పిల్లల క్లాసులో చేయి తిరగడానికి ముందు, ఐదుగురు పెద్దవాళ్ల ముందు కూర్చుని చూడండి. ఎక్కడ అర్థం కాలేదో వాళ్లు దాచుకోరు, మొహం మీదే చెప్తారు. అంతకంటే మంచి టీచింగ్ ప్రాక్టీస్ ఏ మోడల్ స్కూల్లోనూ దొరకదు.

విజయవాడ వెళ్తే అక్కడి గ్రంథాలయ సంఘం భవనానికి సర్వోత్తమ భవనమని పేరు కనిపిస్తుంది. ఇటు మీ ఊరి లైబ్రరీలో ఆయన లింకన్ పుస్తకం దొరక్కపోవచ్చు, అడిగి చూడండి. లేదంటే జిల్లా కేంద్రం నుంచి తెప్పించమని రిజిస్టర్లో రాయండి. పాఠకులు రాస్తే పుస్తకాలు తెప్పించే పద్ధతి చాలా గ్రంథాలయాల్లో ఇప్పటికీ ఉంది. పొద్దున సీటు ఆపుకోవడానికి వెళ్తారు కదా, ఆ పని అప్పుడే అయిపోతుంది.